మొదటి సంవత్సరం మైల

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన రోజునే నూకరత్నం చనిపోయింది. ఆమె ఒక్కతే కాదు, ఆ రోజు చేరినవాళ్లందరూ చనిపోయారు. ఉప్మా తిని, చేతులు కడుక్కుని, వరసగా ఆటస్థలంలోకి వెళ్లారు. డ్రిల్లు మాస్టారు ఈల వెయ్యగానే దక్షిణం వైపు తిరిగారు. ఎవరి పిండం వాళ్లు పెట్టుకుని, తలస్నానాలు చేసి వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. చావు అంత క్రమశిక్షణగా జరగడం నూకరత్నం ఎక్కడా చూడలేదు. వాళ్ల ఊళ్లో ఒక్క మనిషి పోతేనే రెండు రోజులు ఎవరికీ వేళకి అన్నం ఉండదు.

శ్రీ నిర్లేపానంద ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయం ఊళ్లకి దూరంగా, ఎండకి కాలిన ఎర్రగుట్టల మధ్య ఉంది. నూకరత్నానిది కోనసీమలో ఒక లంక. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా పెళ్లి చేశారు, పుస్తకాలు అటక ఎక్కాయి. పండు పుట్టి, దానికి నడక వచ్చాక, అది నిద్రపోయిన కాస్త సమయంలో చదువుకుని ఓపెన్ స్కూల్లో ఇంటర్ గట్టెక్కింది. డిగ్రీ చదివి టీచరు కావాలని ఆమె కోరిక. రొయ్యల చెరువుల మీద మేత వేసే పని చేసే భర్త వీర్రాజుకీ అదే కోరిక. అడ్డం పడింది అత్తగారు సత్తెమ్మ. టౌను కాలేజీకి కోడల్ని పంపితే ఊళ్లో తలెత్తుకోలేనంది. తీరా సీటు వచ్చింది దేవుడి పేరున్న కాలేజీలో అని తెలిశాక మెత్తబడింది. అక్కడ జీన్సులు ఉండవు, గంధం వాసన ఉంటుంది అని ఆవిడ లెక్క.

అయితే హాస్టల్లో చంటిపిల్లల్ని ఉండనివ్వరు. మూడేళ్ల పండుని సత్తెమ్మ దగ్గరే వదలాలి. సత్తెమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"పిల్ల నా చేతి ముద్ద తిన్నన్నాళ్లూ నీ చదువు నీది. అది బెంగ పెట్టుకుందో, పెట్టె సర్దుకుని బస్సెక్కెయ్యాలి. మళ్లీ చదువు మాట ఎత్తకూడదు."

నూకరత్నం ఒప్పుకుంది. ఒప్పుకున్న దగ్గర్నుంచీ ఆమెకి కుదురు లేదు. పాల మీద మీగడ కనిపిస్తే పండు గ్లాసు తోసేస్తుందని చెప్పానా? జ్వరం వచ్చే ముందు దాని చెవులు వేడెక్కుతాయని చెప్పానా? నిద్రకి ముందు వీపు గోకాలని, తట్టకూడదని, గోకాలని చెప్పానా? రైల్లో తుని దాటకుండానే మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది. నాలుగోసారి సత్తెమ్మ ఫోన్ ఎత్తలేదు.

విశ్వవిద్యాలయం వారికి కూడా బెంగే పెద్ద సమస్య. ఏటా మొదటి నెలలో సగం మంది కొత్త పిల్లలు ఏడ్చి, కొందరు గోడ దూకి ఇళ్లకి పోతున్నారు. కొత్తగా వచ్చిన ఉపకులపతి చిద్విలాస శర్మ గారు దీన్ని లోతుగా పరిశీలించారు. ఆయన ఈమధ్యనే ఒక మహానగరంలో 'వైరాగ్య నిర్వహణ' అన్న సదస్సుకి వెళ్లి, మెడలో తగిలించుకునే కార్డుతో సహా తిరిగి వచ్చారు. బెంగకి మూలం ఇల్లు అని ఆయన కనుక్కున్నారు. సన్యాసికి బెంగ లేదు, ఎందుకంటే సన్యాసికి ఇల్లు లేదు. ఎందుకు లేదు? సన్యాసం పుచ్చుకునేటప్పుడు తన కర్మ తానే చేసుకుని, పాత మనిషిని వదిలించుకుంటాడు కాబట్టి. ఇంత చక్కటి పద్ధతి మన దగ్గరే ఉండగా కౌన్సెలింగ్ గది ఎందుకు అని ఆ గదికి తాళం వేయించారు.

"నేటి నుండి మీకు తల్లి లేదు, తండ్రి లేడు, పుట్టిన ఊరు లేదు," అని ఆయన ఆటస్థలంలో మైకు పట్టుకుని సంతోషంగా చెప్పారు. "మీ పూర్వాశ్రమ వ్యక్తులు ఇందుమూలముగా స్వర్గస్థులైనట్లు విశ్వవిద్యాలయం ప్రకటిస్తున్నది. శుభాకాంక్షలు."

అందరూ చప్పట్లు కొట్టారు. పక్క వరసలో ఒకమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. వార్డెను సుభద్రాంబ గారు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, పోయినవాళ్లు తమ కోసం తామే ఏడవకూడదని నెమ్మదిగా మందలించారు. తరువాత అందరి ఫోన్లూ ఒక వెదురు బుట్టలో వేయించుకున్నారు. చనిపోయినవాళ్లు ఫోన్లు చెయ్యడం లోకంలో ఎక్కడా లేదు.

నూకరత్నం గదిలో ఇంకో మనిషి చౌడేశ్వరి. నంద్యాల వైపు పిల్ల, పద్దెనిమిదేళ్లది, దేనికీ జంకు లేదు. మంచం మీద కాళ్లు చాపుకుని, "అక్కా, సచ్చినాక గూడా హాస్టల్ సాంబారేనా?" అంది. నూకరత్నానికి నవ్వు రాలేదు. ఈ వేళకి పండుకి స్నానం చేయించి ఉంటారా, తల తుడిచి ఉంటారా అని ఆలోచిస్తోంది.

మర్నాడు పాఠం చెప్పడానికి వచ్చిన తెలుగు లెక్చరర్ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. గది నిండా నిన్న పోయినవాళ్లు. లోపలికి వస్తే తనకి మైల అంటుతుందా లేదా అని ఆయనకి సందేహం వచ్చింది. సందేహం ధర్మాధికారి గారికి వెళ్లింది. నిబంధనలకి శాస్త్రార్థం చెప్పే ఉద్యోగం అది. అందులో ఉన్నాయన సన్నగా, పొడవుగా, ఎప్పుడూ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉంటారు. ఆయన రోజంతా గ్రంథాలు తిరగేసి సాయంత్రం నిర్ణయం చెప్పారు. తోటి విద్యార్థి మరణిస్తే మిగతా విద్యార్థులకి మూడు రోజుల మైల. ఇక్కడ అందరికీ అందరూ తోటి విద్యార్థులే. అందరూ ఒకే రోజు పోయారు కాబట్టి మైలలన్నీ కలిసిపోతాయి. మూడు రోజులు పాఠాలు లేవు, గ్రంథాలయం ముట్టుకోకూడదు.

మూడో రోజు స్పాట్ అడ్మిషన్లో ఇద్దరు కొత్త అమ్మాయిలు చేరారు. చేరగానే వాళ్లూ పోయారు. మళ్లీ మూడు రోజులు. ఆ మూడూ తీరేలోపు ఇంకొకతె వచ్చింది. సీట్లు మిగిలి ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు వచ్చి చేరుతూనే ఉన్నారు, చేరి పోతూనే ఉన్నారు. లెక్చరర్లు రోజూ గుమ్మం దాకా వచ్చి, సానుభూతి తెలిపి, వెళ్లి స్నానం చేసి, జీతం పుస్తకంలో సంతకం పెట్టేవారు.

పాఠాలు లేకపోయినా హాజరు మాత్రం తప్పలేదు. సుభద్రాంబ గారు పొద్దున్నే అందరినీ నిలబెట్టి పేర్లు పిలిచేవారు. అవి పోయిన మనుషుల పేర్లు కనుక ఎవరూ పలకకూడదు. పలికితే పాత మనిషి ఇంకా చావలేదన్నమాట, మళ్లీ పిండం పెట్టించేవారు. ఉన్నవాళ్లూ పలికేవారు కాదు, గోడ దూకి పోయినవాళ్లూ పలికేవారు కాదు. ఎవరూ పలకలేదు కనుక వైరాగ్యం నూటికి నూరు శాతం అని రోజూ పైకి నివేదిక పంపేవారు. పైవారు అభినందించేవారు.

నూకరత్నానికి ఇంటి కబురు లేదు. పండు తింటోందో లేదో తెలియదు. ఆఫీసులో అడిగితే, ఎవరి ఇల్లు అని అడిగారు.

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ లంకలో ఇంకోలా ఉంది. ఆ సంగతి తరువాత వీర్రాజు చెప్పగా తెలిసింది. విశ్వవిద్యాలయం ప్రతి ఇంటికీ పోస్టులో పరామర్శ ప్రసాదం పంపింది. చిన్న పొట్లంలో నల్ల నువ్వుల ఉండలు, పైన నూకరత్నం పేరు, పేరుకి ముందు 'కీర్తిశేషులు'. పోస్టుమాన్ చదివి వినిపించగానే సత్తెమ్మ వీధిలో కూలబడి, కోడలి మంచితనం అంతా చెప్పి ఏడ్చింది. ఆ కోడలు బతికి ఉన్నప్పుడు అందులో ఒక్కటీ చెప్పలేదు. ఊరంతా వచ్చింది. వీర్రాజు చెరువు మీద నుంచి పరుగెత్తుకొచ్చి కాలేజీకి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తినాయన చాలా మర్యాదస్తుడు. తీవ్ర సంతాపం తెలిపి, "వారు పరమపదించిన మాట వాస్తవమే. ఆరోగ్యం బాగుంది. మధ్యాహ్నం పప్పుచారు మారు వడ్డించుకున్నారు," అన్నాడట.

వీర్రాజుకి మనసు కుదుటపడింది గానీ పండుకి కాదు. వీధిలో జరిగినదంతా ఆ పిల్ల అరుగు మీద నిలబడి చూసింది. ఆ రోజు నుంచి ముద్ద ముట్టలేదు. సత్తెమ్మ చేతిని నోటి దగ్గరికి రానివ్వలేదు. సత్తెమ్మ మాట సత్తెమ్మదే. చచ్చినా బతికినా కోడలు వెంటనే ఇంటికి రావాలి, చదువు చాలు.

వీర్రాజు ఆ మాటే ఇంకోసారి ఫోన్లో చెబితే సుభద్రాంబ గారు జాలిపడి నూకరత్నానికి చేరవేశారు. అయితే చేరవేసిన పద్ధతి ఆవిడది. "మీ పూర్వాశ్రమ వ్యక్తి తాలూకు బాలిక ఆహారం తీసుకోవడం లేదట. మీకు సంబంధం లేదనుకోండి, తెలిసి ఉంటుందని చెప్పాను," అన్నారు.

నూకరత్నం అక్కడి నుంచి నేరుగా ధర్మాధికారి గారి గదికి వెళ్లింది. రెండు రోజులు సెలవిప్పించమంది. సెలవు బంధువుల కోసం ఇస్తారు, మీకు బంధువులెవరున్నారు అని ఆయన అడిగారు. కూతురుందండి అంది.

"కూతురున్న వ్యక్తి గతించింది," అన్నారు ధర్మాధికారి గారు. "గతించిన వ్యక్తి తిరిగి తన బిడ్డను చూసుకోవడానికి ఇంటికి పోతే, దాన్ని లోకంలో ఏమంటారు?"

"దెయ్యం అంటారండి," అంది నూకరత్నం.

"మా విశ్వవిద్యాలయం దెయ్యాలను తయారుచేయదు," అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

పోనీ సీటు వదులుకుని వెళ్లిపోతానంది. అటక మీంచి దించిన పుస్తకాలు, పిల్ల నిద్రలో చదివిన చదువు, అన్నీ ఆ ఒక్క మాటలో పోతున్నాయి. ఆయన మాత్రం నిశ్చింతగా, అది కూడా కుదరదన్నారు. సీటు తీసుకున్నది పోయిన మనిషి. వదులుకోవాలంటే ఆ మనిషే రావాలి. పోయినవారు వచ్చి సంతకం పెట్టే వీలు లేదు. వారి తరఫున తండ్రి పెట్టవచ్చు, కానీ తండ్రి లేడని ఉపకులపతి గారు మైకులో ప్రకటించారు.

గదికి వచ్చి మంచం మీద కూర్చుని నూకరత్నం ఏడ్చింది. చౌడేశ్వరి చేతిలో దువ్వెన పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"గోడ దూకుదాం పా అక్కా. నేను భుజం పడతా, నువ్వెక్కు."

దూకితే ఇక చదువు ఉండదని నూకరత్నం అంది. దూకకపోతే పిల్ల ఉండదేమోనని భయంగా ఉందంది. అటూ పోలేను, ఇటూ ఉండలేనంది.

"మల్ల ఏంది దారి? నువ్వేమో సచ్చినావు. నీ పాపేమో తల్లి లేని పిల్లాయె, పాపం," అని చౌడేశ్వరి నిట్టూర్చింది.

నూకరత్నం ఏడుపు ఆపింది. ముక్కు తుడుచుకుని, ఆ మాట మళ్లీ అనమంది. తల్లి లేని పిల్ల. అవును కదా. తాను పోయానని ఇంత గట్టిగా చెబుతున్నవాళ్లు, ఆ పిల్లకి తల్లి ఉందని ఎలా అంటారు? తల్లి లేని పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడితే దేవుడి పేరు పెట్టుకున్న సంస్థ పొమ్మంటుందా? ఆమె చదువుకున్నది కొంచెమే గానీ, అత్తగారితో అయిదేళ్లు నెగ్గుకొచ్చిన మనిషి. అవతలివాళ్ల మాటని పట్టుకునే అవతలివాళ్లని దాటాలని అక్కడే నేర్చుకుంది.

బతిమాలి బతిమాలి సుభద్రాంబ గారి చేత వీర్రాజుకి ఒక్క మాట పంపించింది. పిల్లని తీసుకుని రండి, గేటు దగ్గర మీ భార్య పోయిందని చెప్పండి, ఎవరేమన్నా కాదనకండి. సుభద్రాంబ గారికి అందులో నిబంధనకి విరుద్ధమైనది ఏదీ కనిపించలేదు. పోయిందన్నది అధికారిక సమాచారమే.

వీర్రాజు వచ్చాడు. గేటు దగ్గర అతన్ని పరామర్శ గదిలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఒక వాలంటీరు వచ్చి భార్య పోయినందుకు ఓదార్చి, ఆవిడ బట్టలు ఉతుక్కుంటోందని, ఇంకాసేపట్లో వస్తుందని చెప్పాడు. పండు మజ్జిగ కూడా ముట్టలేదు. తండ్రి భుజం మీద తల వాల్చి ఊరుకుంది.

ఈలోగా నూకరత్నం మళ్లీ ధర్మాధికారి గారి ఎదుట నిలబడింది. ఈసారి ఏడవలేదు. తడి జుట్టు ముడి వేసుకుని, చేతులు కట్టుకుని, ఆయన భాషలోనే, పొద్దుటి నుంచీ మనసులో వల్లె వేసుకున్నట్టే అడిగింది.

"అయ్యా, ఒక ధర్మసందేహమండి. మూడేళ్ల ఆడపిల్ల గేటు దగ్గర ఉందండి. తల్లి పోయిందండి. అన్నం తినట్లేదండి. అలాంటి పిల్లని వెనక్కి పంపెయ్యొచ్చాండి?"

ఆయన ముఖం వెలిగింది. చాలా రోజుల తరువాత మైల గురించి కాని సందేహం వచ్చింది. అన్నార్తురాలైన మాతృహీన బాలికను గుమ్మం నుండి పంపడం మహాపాపమన్నారు. తల్లి పోయినట్టు రుజువు ఉందా అని అడిగారు.

"తమవారే కదండీ ఆటస్థలంలో దగ్గరుండి చేయించారు," అంది నూకరత్నం.

ధర్మాధికారి గారు తల ఎత్తి ఆమెని చూశారు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన కళ్లలో ఏదో కదిలింది, అది జాలో లేక శాస్త్రం ముందుకి పోతున్న ఆనందమో నూకరత్నానికి తెలియలేదు. తల్లి పోలేదంటే ఆటస్థలంలో జరిగినదంతా అబద్ధమవుతుంది. పోయిందంటే పిల్లని తీసుకోవాలి. ఆయన లేచి ఉపకులపతి గారి దగ్గరికి నడిచారు.

ఉపకులపతి గారికి ఇది పండగలా తోచింది. ఆవరణ వెనక ఆయన కట్టించిన మాతృహీన శిశునిలయం రిబ్బను కత్తిరించిన రోజు నుంచీ ఖాళీగా ఉంది. ఉయ్యాలలున్నాయి, గోడల మీద నెమళ్లున్నాయి, శిశువులే లేరు. పిల్లని చేర్చుకోమన్నారు. అయితే నియమావళి ప్రకారం ప్రతి శిశువుకీ ఒక పోషక మాత ఉండాలి. ఆమె ఇల్లూ వాకిలీ లేనిది, బంధువులు లేనిది, సొంత బిడ్డలు లేనిది, మమకారం లేశమైనా లేనిది అయి ఉండాలి. అలాంటి స్త్రీ దొరక్క ఆ ఉద్యోగం కూడా ఖాళీగా ఉంది.

"మా మొదటి సంవత్సరం వాళ్లందరూ అలాంటివాళ్లే కదండి," అన్నారు సుభద్రాంబ గారు. ఆవిడ ఎటో చూస్తూ అన్నారు.

అప్పటికప్పుడు నియామక సంఘం కూర్చుంది. పిల్లల్ని ఎత్తుకున్న అనుభవం ఉన్న విద్యార్థిని ఎవరు అంటే, చౌడేశ్వరి నూకరత్నాన్ని ముందుకి తోసింది. ఈ శిశువు మీద మీకు ప్రత్యేకమైన అభిమానం ఏమైనా ఉందా అని అడిగారు. లేదండి అంది నూకరత్నం. ఈ మూడేళ్లలో ఆమె పండు గురించి ఆడిన మొదటి అబద్ధం అది.

అప్పుడు వీర్రాజు పిల్లని తీసుకుని లోపలికి వచ్చాడు.

కదలకూడదని నూకరత్నం ముందే అనుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని, గోడ మీద నిర్లేపానందుల వారి పటం వైపు చూస్తూ నిలబడింది. పండు తండ్రి భుజం మీంచి తల ఎత్తింది. చిక్కిపోయిన ముఖంలో కళ్లే ఉన్నాయి. చూసింది. జారి కిందికి దిగింది. ఉపకులపతి గారి కుర్చీ కిందుగా దూరి, అడ్డదారిన వచ్చి నూకరత్నం కాళ్లని చుట్టేసుకుంది.

"అమ్మా," అంది. "నువ్వు చచ్చిపోలేదు. మామ్మకి తెలీదు."

నూకరత్నం చేతులు ఇంకా వెనకే ఉన్నాయి గానీ, ఒకదాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుని ఉంది. ధర్మాధికారి గారు ముందుకి వంగి, శిశువు ఈ సాధికను అమ్మ అన్నదని నమోదు చెయ్యమన్నారు.

"పరస్త్రీలందరినీ మాతృభావనతో చూడడం మన సంస్కృతి," అని ధర్మాధికారి గారు నెమ్మదిగా, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ అన్నారు. "మూడేళ్లకే ఈ బాలికకు అది సిద్ధించింది."

ఉపకులపతి గారు పులకించిపోయారు. ఇంకోసారి పరీక్షిద్దామని, సుభద్రాంబ గారిని చూపించి ఈవిడెవరమ్మా అని పిల్లని అడిగారు. పండు ఆవిడని ఎగాదిగా చూసి, "కాదు," అంది.

"మొదటి సంవత్సరమే కదా, క్రమంగా వస్తుంది," అన్నారు ఉపకులపతి గారు. పోషక మాత నియామకం ఆమోదించారు.

ఆ మధ్యాహ్నం శిశునిలయంలో, నెమలి బొమ్మ కింద, పండు పెరుగన్నం తింది. మొదట ఒక ముద్ద, తరువాత ఇంకొకటి, తరువాత పళ్లెం తనవైపు లాక్కుని. వీర్రాజు గుమ్మంలో నిలబడి చూసి, సంతాపం తెలిపినవాళ్లందరికీ దణ్ణం పెట్టి, పిల్ల అన్నం తింటోందని తన తల్లికి చెప్పడానికి బస్సెక్కాడు. సత్తెమ్మ షరతులో 'నా చేతి ముద్ద' అన్న మాట ఉంది కదా అని దారంతా కంగారు పడ్డాడు గానీ, చచ్చిపోయిన కోడలితో పేచీ పెట్టుకోవడం ఆవిడకి కూడా తెలియలేదు.

సీట్లు నిండాయి, చేరేవాళ్లు లేక చచ్చేవాళ్లు కూడా లేకపోయారు. మైల తీరి పాఠాలు మొదలయ్యాయి. శిశువును విడిచి ఉండరాదని పోషక మాతకి నియమం కాబట్టి, నూకరత్నం పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకునే పాఠాలు విన్నది. ఆ నెలలోనే చౌడేశ్వరి అమ్మానాన్నలు, బిడ్డను పోగొట్టుకున్న దంపతులమని చెప్పుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. కడుపుకోత పడ్డవాళ్లని వెనక్కి పంపవచ్చునా అన్న విషయం ధర్మాధికారి గారి పరిశీలనలో ఉంది. వాళ్ల వెనక ఇంకా చాలామంది వరసలో ఉన్నారు.

పోషక మాతకి మమకారం అంటకుండా ఉపకులపతి గారు ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నారు. రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక నూకరత్నం శిశువుని చంకన వేసుకుని అందరి ముందుకీ వచ్చి, కళ్లు మూసుకుని, 'ఈ బిడ్డ నాకేమీ కాదు' అని మూడుసార్లు చెప్పాలి. మొదటి రోజు ఆమె మూడుసార్లూ గబగబా అనేసింది. పండుకి మాత్రం అది చాలా నచ్చింది. ప్రార్థనలో భాగమే అనుకుని, రెండో రోజు నుంచి తానూ చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, అమ్మ చెంపకి చెంప ఆనించి గొంతు కలిపేది. మూడోసారి అయిపోయాక, ఇంకోసారి అందామా అని అడిగేది.